బస్తా కొనే ముందు

చి.ల.సౌ. అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో, సరుకులు ఏడాదికి సరిపడా ఒకేసారి కొనుక్కుంటే కలిసొస్తుందా అని అడిగావు. పొయ్యి మీద పులుసు ఉంది, "కలిసొస్తుందిలే" అని పెట్టేశాను. ఆ ఒక్క ముక్క పట్టుకుని నువ్వు బస్తాలు దింపేస్తావేమోనని తర్వాత భయం వేసింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు రెండు నెలలు ఏదీ ఎక్కువ కొనకు. డబ్బా నింపిన రోజు, ఖాళీ అయిన రోజు క్యాలెండరు మీద రాసుకో. మా ఇంట్లో పదిమంది తినే రోజుల్లో వేసిన లెక్క మీకు పనికిరాదు. మధ్యాహ్నం మీరిద్దరూ ఆఫీసులోనే తింటారు, రాత్రికి అల్లుడు చపాతీలంటాడు. మీకు నెలకు ఏడెనిమిది కిలోల బియ్యం పడితే ఎక్కువ. అంటే ఒక్క బస్తా మూడు నెలలు దాటి వస్తుంది. రెండో బస్తా పురుగులకే.

కాపురానికి వచ్చిన కొత్తలో నేను చేసిన ఘనకార్యం నీకు తెలియదు. సంక్రాంతి వెళ్లగానే ధర తగ్గిందని మూడు బస్తాలు వేయించాను. "పాతవేనమ్మా" అన్నాడు కొట్టతను. తీరా వండితే రోజూ ముద్దే. కొత్త బియ్యం పొంగలికి బాగుంటాయి కానీ, అన్నం ఒదగదు, కడుపూ నిండదు. రోజూ అరగ్లాసు బియ్యం ఎక్కువ పోయాల్సి వచ్చింది. మీ పెదనాన్న ఆరు నెలలు మాట్లాడకుండా తిన్నారు, అదే పెద్ద శిక్ష. ధర తక్కువైనా ఒదుగు తక్కువైతే మిగిలింది ఏమీ లేదు. కనీసం ఆరు నెలలు నిలవున్న బియ్యం అడుగు. బీపీటీ అని మనవాళ్లు పిలిచే సాంబ మసూరే నీకు అలవాటు. మన బాపట్లలో పుట్టిన వంగడమే అది. ముందు రెండు కిలోలు తెచ్చి, వండి చూసి, నచ్చితేనే అదే రకం బస్తా వేయించు.

ఇంకో కిటుకు. 25 కిలోల వరకు తూగే ప్యాకింగు బియ్యం సంచుల మీద 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ వేస్తున్నారు. ఆ బరువు దాటితే లేదు. అందుకే 26 కిలోల బస్తాలు వచ్చాయి. సంచి ధరలు పక్కపక్కన పెట్టి చూడకు, కిలోకు ఎంత పడిందో భాగించి చూడు. నూనె దగ్గర కూడా ఇదే తంటా. లీటరు నూనె కిలో తూగదు, సుమారు 910 గ్రాములే. 15 లీటర్ల డబ్బా, 15 కిలోల డబ్బా ఒకటి కావు. అసలు మీ ఇద్దరికీ డబ్బా వద్దే వద్దు. మూత తీశాక నెలల తరబడి ఉంటే కనరు వాసన వస్తుంది.

బియ్యం ఎండలో పోయకు, విరిగి నూకలవుతాయి. నీడన ఆరబోసి, ఎండిన వేపాకు వేసి స్టీలు డబ్బాలో పెట్టు. కందిపప్పు మాత్రం ఒక పూట ఎండనివ్వాలి. పూర్తిగా చల్లారాకే మూత పెట్టు, వేడి మీద మూస్తే లోపల చెమ్మ పట్టి పుచ్చుతుంది. కిలోకు చెంచాడు ఆముదం పట్టిస్తే వానాకాలం గట్టెక్కుతుంది. వండేటప్పుడు రెండుసార్లు కడుగు. కొత్త కంది పంట వచ్చాక, ఫిబ్రవరి మార్చిలో కొనుక్కోవడం మేలు.

టోకు ధరకు వస్తుందని బేగంబజారుకు ఒక్కదానివే వెళ్లి ఐదు కిలోలు తెస్తే మిగిలింది ఆటోకే సరి. మీ అంతస్తులో ఇంకో ఇద్దరిని కలుపుకో. ముగ్గురూ ఒక పప్పు బస్తా తెచ్చి పంచుకోండి. డబ్బులు మాత్రం తూకం వేసిన రోజే తీసుకో. పప్పు దగ్గర పోయిన స్నేహాలు నేను చూశాను.

చింతపండు, మిరపకాయలు, పసుపు కొమ్ములు, ఈ మూడూ ఏడాదికి కొనదగ్గవి. చింతపండు గింజలు, ఈనెలు తీసి, ఎండబెట్టి, కాస్త ఉప్పు చేర్చి జాడీలో నొక్కు. రంగు నల్లబడితే కంగారుపడకు, పులుసుకు ఏ లోటూ ఉండదు. కారం ఒకేసారి ఆడించకు. కాయలుగా ఉంచుకుని ఆరు నెలలకోసారి మరకు పంపు. శనగపిండి, రవ్వ, పల్లీలు ఏ నెలకానెలే. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నారని నేను తెచ్చిన శనగపిండి గూళ్లు కట్టి చెత్తబుట్టకే పోయింది.

మార్చిలో మీ పెదనాన్న గుంటూరు వెళతారు. కూరలకు 334 రకం మిరపకాయలు తెస్తారు, తేజ మీకు మరీ ఘాటు. ఎన్ని కిలోలు కావాలో ఆ లోపు నీ క్యాలెండరు చూసి చెప్పు. నీ చిన్న జాడీ మూత ఇక్కడే ఉండిపోయింది, కాయలతో పాటు పంపిస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ