కాలాన్ని ఒక్కచోటే చూపండి: సింపుల్ టెన్సుల గురించి

ఇంగ్లీషులో వర్తమాన, భూత, భవిష్యత్ కాలాల సాదా రూపాలైన సింపుల్ టెన్సుల సూత్రాలన్నీ కంఠస్థమైనా వాక్యం రాయబోయేసరికి ఎందుకు తడబడుతున్నామని మీరు అడిగారు. కొన్నేళ్లుగా పెద్దవారికి ఇంగ్లీషు వ్యాకరణం బోధిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: వాక్యంలో కాలాన్ని ఒక్కచోటే చూపాలన్న నియమం పట్టుబడితే ఆ సూత్రాల్లో చాలావాటిని బట్టీ పట్టవలసిన అవసరమే ఉండదు.

‘షి వర్క్స్’ అన్నప్పుడు వర్తమానకాలాన్ని చూపేది క్రియ చివరనున్న ఎస్. అదే వాక్యాన్ని ప్రశ్నగా మారిస్తే డు అనే సహాయక క్రియ ముందుకు వచ్చి, ఆ ఎస్‌ను తాను తీసుకుని డజ్‌గా మారుతుంది కాబట్టి, అసలు క్రియ మూలరూపంలోనే మిగిలి ‘డజ్ షి వర్క్?’ అవుతుంది. భూతకాలంలోనూ ఇంతే. ‘హి వెంట్’లో కాలం వెంట్‌లో ఉంది, ‘హి డిడ్ నాట్ గో’లో ఆ పని డిడ్ చేసింది కనుక గో మారలేదు. ‘డిడ్ నాట్ వెంట్’ ఎందుకు తప్పో ఇలా వివరిస్తే నా తరగతిలో మళ్లీ ఎవరూ అడగరు. ఈజ్, ఆర్, వాజ్, వర్ మాత్రం ప్రశ్నకు డు సాయం కోరవు, ‘వాజ్ షి రెడీ?’ అంటే చాలు.

ఇక వాడుక సంగతి. సింపుల్ ప్రెజెంట్ అలవాట్లకూ, ఎప్పటికీ నిలిచే విషయాలకూ సరిపోతుంది గానీ ఈ క్షణంలో సాగుతున్న పనికి సాధారణంగా పనికిరాదు. అయితే నో (తెలిసి ఉండటం), బిలాంగ్ (చెంది ఉండటం) వంటి స్థితిని తెలిపే క్రియలు ఇప్పటి సంగతి చెప్పినా సింపుల్ రూపంలోనే ఉంటాయి. మనవాళ్ల నోట తరచుగా వినబడే ‘ఐ యామ్ నోయింగ్’ ప్రామాణిక ఇంగ్లీషు కాదు. నిన్న, పోయిన వారం, 2019లో అంటూ గడిచిపోయిన సమయాన్ని ప్రస్తావిస్తే సింపుల్ పాస్ట్ తప్పనిసరి, కాబట్టి ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ బదులు ‘ఐ సా హిమ్ యెస్టర్డే’ అనాలి.

భూతకాలంలో చివర ఇడి (-ed) చేరని క్రియలను అక్షరక్రమంలో వల్లె వేయించే పద్ధతి నాకు ఎన్నడూ నచ్చలేదు. కట్, పుట్, హిట్ అసలే మారవు. కీప్, స్లీప్, వీప్ వరుసగా కెప్ట్, స్లెప్ట్, వెప్ట్ అవుతాయి. డ్రింక్, సింగ్, స్విమ్‌లలో లోపలి అచ్చు మారుతుంది. ఇలా ధ్వనిని బట్టి గుంపులు కడితే చెవికే గుర్తుంటాయి.

భవిష్యత్తుకు విల్ పక్కన మూలరూపం పెడితే సరిపోతుంది, కానీ ఇఫ్, వెన్‌లతో మొదలయ్యే ఉపవాక్యంలో భవిష్యత్తును ఉద్దేశించినా సాధారణంగా సింపుల్ ప్రెజెంటే వాడతారు: ‘వెన్ షి కమ్స్, ఐ విల్ టెల్ హర్’. ముందే ఖరారైన వేళలకు కూడా విల్ అక్కర్లేదు, ‘ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’ అన్నది నిక్షేపమైన వాక్యం.