ఆకు ఫొటోలో మచ్చ శాతం చూసి వేరుశనగకు మందు కొట్టవచ్చా?

ప్రశ్న: మాది కదిరి ప్రాంతం. ఐదెకరాల్లో వేరుశనగ వేశాం, 45 రోజుల పైరు. ఆకుల మీద గోధుమ మచ్చలు మొదలయ్యాయి. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి ఓపెన్‌సీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆకు ఫొటోలో మచ్చ శాతం లెక్కకడుతున్నాడు. కానీ తెర మీద మచ్చలు నీలంగా కనిపిస్తున్నాయి. ఆ లెక్క నమ్మి మందు కొట్టవచ్చా? – ఒక రైతు

జవాబు: మీ అబ్బాయి చేస్తున్నది మంచి పని, ఆపించకండి. ముందు ఆ నీలం సంగతి చూద్దాం. ఓపెన్‌సీవీ ఫొటోలోని రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో పెట్టుకుంటుంది. ఫొటోను తెర మీద చూపించే ప్రోగ్రాములు చాలావరకు ఎరుపు నుంచి మొదలుపెడతాయి. ఎరుపు, నీలం తారుమారు కావడంతో గోధుమ మచ్చ నీలంగా కనిపిస్తోంది. ఆకుపచ్చ మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఆకు రంగులో పెద్ద తేడా రాదు. రంగుల వరుస మార్చే ఆదేశం ఒక్కటి రాస్తే సరిపోతుంది. ఇంకో మాట కూడా చెప్పండి. రంగును అంకెతో కొలిచేటప్పుడు మిగతా చోట్ల 0 నుంచి 360 వరకు ఉంటే, ఓపెన్‌సీవీలో సాధారణ ఫొటోలకు 0 నుంచి 179 వరకే ఉంటుంది. బయట దొరికిన అంకెను సగం చేసి వాడాలి.

ఓపెన్‌సీవీ 1999లో ఇంటెల్ సంస్థలో మొదలైంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఖర్చు గురించి టెన్షన్ వద్దు.

అయితే దానికి తెగులు తెలియదు, రంగు చుక్కలను లెక్కపెట్టడమే తెలుసు. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇనుప ధాతువు లోపిస్తే లేత ఆకులు పసుపు, తెలుపు రంగుకు తిరుగుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ఆకుపచ్చ కానిదంతా మచ్చే అని ప్రోగ్రాముకు చెప్పి ఉంటే దాన్నీ తెగులు కిందే కడుతుంది. అప్పుడు తెగులు మందు కొట్టినా డబ్బు దండగే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి కొట్టాల్సిన చోటది.

తిక్క ఆకుమచ్చ తెగులైతే అడుగు ఆకుల నుంచి మొదలవుతుంది. ముందుగా వచ్చే మచ్చ ఆకు పైన గోధుమ రంగులో, చుట్టూ పసుపు వలయంతో ఉంటుంది. ఆలస్యంగా వచ్చేది ఆకు అడుగున నల్లగా, గుండ్రంగా ఉంటుంది. అందుకే ప్రతి ఆకునూ తిప్పి రెండు వైపులా ఫొటో తీయాలి. తెల్ల కాగితం మీద పరిచి, నీడపట్టున తీయండి. ఎండలో తీస్తే ఆకు నీడనూ మచ్చగా లెక్కకట్టే ప్రమాదం ఉంది, మంచు తడి ఉంటే మెరుపు పడి మచ్చలో కొంత తెల్లబడుతుంది. పొలంలో అక్కడక్కడా పది మొక్కలకు గుర్తు పెట్టి, ఐదు రోజులకోసారి అదే మొక్కల అడుగు ఆకులు చూస్తే తెగులు పెరుగుతోందో ఆగిందో తెలుస్తుంది. ఈ లెక్క అందుకు బాగా పనికొస్తుంది.

మందు కొట్టడం మాత్రం శాతం పెరిగేదాకా వాయిదా వేయకండి. ఆకు లోపలికి వెళ్లిన శిలీంధ్రం మచ్చగా కనబడటానికి రోజులు పడుతుంది, అప్పటిదాకా ఏ ఫొటోకూ అందదు. పైన చెప్పిన తిక్క తెగులు లక్షణాలు కనిపిస్తే టెబుకొనజోల్ 1 మి.లీ. లేదా హెక్సాకొనజోల్ 2 మి.లీ. లీటరు నీటికి కలిపి, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం ఆకుల అడుగు కూడా తడిసేలా పిచికారీ చేయండి. తెగులు ఇంకా కనిపిస్తుంటే 15 రోజులకు మరోసారి కొట్టాలి. ఏ తెగులో తేలకపోతే రెండు మూడు మొక్కలు వేళ్లతో పీకి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. అబ్బాయినీ, అతను తీసిన ఫొటోలనూ వెంట తీసుకెళ్లండి.