కాలేజీలో చేరు, పాటను మాత్రం దిద్దకు

పాపా,

సంగీతం కాలేజీలో చేరితే మన పల్లెపాట పాడైపోతుందేమోనని టెన్షన్ పడుతూ రాశావు. చేరు. తిరుపతిలో దేవస్థానం వాళ్ల కళాశాల 1959 నుంచి ఉంది, దగ్గర్లో పెట్టుకుని ఎందుకు వదులుకోవాలి? జాతరలో మైకు ముందు మూడో పాటకే నీ శ్రుతి పైకి పాకుతుంది, అర్ధరాత్రికి గొంతు బొంగురుపోతుంది. తంబురా పక్కన కూర్చుని మొదట నేర్పే స్వరపాఠాలైన సరళీ వరసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, రోజూ పాడితే శ్రుతి నిలుస్తుంది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుస్తుంది.

కానీ నేను చేసిన తప్పు నువ్వు చేయకు. రెండేళ్లు పాఠం చెప్పించుకుని వచ్చి, ఊళ్లో చెక్కభజనలో చిన్నప్పటి పాటే ఎత్తుకున్నాను. పల్లవి చివర రెండు సంగతులు వేశాను, అంటే అదే మాటను కొత్త మలుపులతో మళ్లీ మళ్లీ పాడాను. వెనక అందుకోవాల్సిన పన్నెండు మందీ ఆగిపోయారు. చెక్కలు పట్టిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి, అడుగు తప్పింది. అరుగు మీద నుంచి మా అమ్మ "ఒరే, వాళ్లకి సందు ఇవ్వరా!" అని అరిచింది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

నాట్ల పాటలో చివరి అక్షరం ఎందుకు సాగుతుందో గమనించావా? ఆ సాగుడులో వంగి నారు నాటుతారు, పక్కవాళ్లు పాట అందుకుంటారు. అక్కడ గమకం వేసి స్వరాన్ని ఊపితే వాళ్లకి చోటుండదు. యాస కూడా దిద్దకు. "పోతాండాడు"ను "పోతున్నాడు" చేశావంటే నోరారా సాగదీసే ఆ "తాం" పోతుంది.

ఫలానా పాట ఆనందభైరవి, ఫలానాది నాదనామక్రియ అని మాస్టారు చెబుతారు. శ్రద్ధగా నేర్చుకో. ఏ రాగంలోనూ ఇమడని పాటను మాత్రం బలవంతాన ఇరికించకు. అక్కడ నేర్పే అన్నమయ్యే సువ్వి, జాజర, గొబ్బి పాటల బాణీని జనం నోటి నుంచి తీసుకున్నాడు. నీ దగ్గర ఉన్నది తక్కువదని ఏ రోజూ అనుకోవద్దు.

చేరకముందే మీ అవ్వ పాటలన్నీ ఫోన్‌లో రికార్డు చెయ్యి. శ్రుతిపెట్టె పెట్టకు, ఆమె ఎత్తుకున్న శ్రుతిలోనే పాడనీ. దగ్గు వచ్చినా ఆపకు. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆమె వెనక అందుకో, ముందు పాడకు.

గంగజాతరకి వస్తాను. చెక్కలు నేనే తెస్తాను, గజ్జెలు కొత్తవి కట్టించాను.

మీ పెద్దమామ