ఆటోనగర్‌లో ‘పడతాయి సార్’ అన్న మాటకు విలువెంత?

ప్రశ్న: మా నాన్నగారు 2005లో ముచ్చటపడి కొన్న ఫియట్ పాలియో మా దగ్గరుంది. 2023లో ఆయన పోయాక అమ్మడానికి మనసొప్పలేదు. పాత ఇనుప రిమ్ములు తుప్పుపట్టి టైర్లలో గాలి దిగిపోతుంటే, 2024 జూన్ 12న విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షాపులో రూ.31,000 పెట్టి అలాయ్ రిమ్ములు వేయించాను. బిల్లు ఇవ్వలేదు. ఆ రోజు నుంచే 70 దాటితే స్టీరింగ్ వణికేది. నవంబర్ 4న, కార్తీక సోమవారం, కోటప్పకొండకు వెళ్తుంటే ఫిరంగిపురం దాటాక ముందు చక్రం ఊడిపోయింది. కారు కల్వర్టుకు గుద్దుకుంది. నా భార్య చెయ్యి విరిగితే ప్లేటు వేశారు. షాపాయన ఏడాదిన్నరగా ‘చూద్దాం సార్’ అంటూ తిప్పి, ఇప్పుడు మిగిలిన రిమ్ములు తెచ్చిస్తే రూ.15,000 ఇస్తానంటున్నాడు. డూప్లికేట్ సరుకు అంటగట్టినందుకు చీటింగ్ కేసు పెట్టి, పాతిక లక్షలు పరిహారం అడగవచ్చా? బిల్లు లేదు కాబట్టి మా బావమరిది తనకు తెలిసిన షాపులో పాత తేదీతో బిల్లు రాయిస్తానంటున్నాడు. (ఉత్తరం కుదించాం.)
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరం ఆరు పేజీలు. నాలుగు పేజీలు మీ నాన్నగారి గురించి, ఆ కారులో మీరు చేసిన తిరుపతి ప్రయాణాల గురించి. అన్నీ చదివాను. కానీ వాటితో వినియోగదారుల కమిషన్‌కు పనిలేదు. పనికొచ్చే వాక్యం అయిదో పేజీలో ఉంది. ‘కారు ఫొటో, ఆర్‌సీ వాట్సాప్‌లో పెట్టి, దీనికి పద్నాలుగంగుళాల అలాయ్‌లు ఉన్నాయా అని అడిగితే, పడతాయి సార్ రండి అన్నాడు’ అని రాసి, వెంటనే ఎండలో మూడు గంటలు కూర్చోబెట్టారన్న గొడవలోకి వెళ్లిపోయారు. మీ కేసు మొత్తం నిలబడేది ఆ ‘పడతాయి సార్’ మీద.

ఎందుకో చెబుతాను. ముందు ఆ ‘డూప్లికేట్’ అన్న మాట వదిలేయండి. మీరు పంపిన ఫొటోలో రిమ్ము లోపలివైపు ఐఎస్ఐ గుర్తు, లైసెన్సు నంబరు కనిపిస్తున్నాయి. ఆ నంబరు అసలుదే అయితే, ల్యాబుకు పంపినప్పుడు ‘రిమ్ము నాణ్యమైనదే’ అని రిపోర్టు వస్తుంది. డూప్లికేట్ అని ఫిర్యాదులో రాసుకున్న మీరు ఆ రిపోర్టుతోనే ఓడిపోతారు. షాపాయన వకీలు నోరు తెరవాల్సిన అవసరం కూడా ఉండదు.

అసలు తప్పు రిమ్ములో లేదు. అదే ఫొటోలో రిమ్ము వెనక ‘4x100’ అని పోత పోసి ఉంది. నాలుగు బోల్టు కన్నాలు 100 మిల్లీమీటర్ల వలయం మీద ఉన్నాయని దానర్థం. మన దేశంలో చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఇదే లెక్క కాబట్టి షాపుల్లో ఎటు చూసినా ఈ రిమ్ములే దొరుకుతాయి. పాలియోకు కావలసింది 98. తేడా రెండు మిల్లీమీటర్లే, కంటికి తెలియదు. ఒక బోల్టు సూటిగా ఎక్కితే దానికి ఎదురుగా ఉన్నది రెండు మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పానా పట్టుకుని బలంగా తిప్పితే అదీ ఎక్కేస్తుంది, కాకపోతే ఏటవాలుగా ఎక్కుతుంది. బోల్టు మెడ దగ్గర కోసుగా ఉండే భాగం రిమ్ము గుంటలో చుట్టూ కూర్చోకుండా ఒక పక్కే ఆనుతుంది. పద్నాలుగంగుళాల చక్రం కిలోమీటరుకు దాదాపు 550 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఆ బోల్టు కాస్త వంగి మళ్లీ నిక్కుతుంది. బోల్టు లూజవడం, చివరికి తెగడం ఇలాగే జరుగుతుంది. మీరు చెప్పిన స్టీరింగ్ వణుకు కూడా దీనికి సరిపోతుంది. పైగా ఈ కారు చక్రానికి నట్లు ఉండవు, బోల్టులు నేరుగా హబ్బులోకే, అంటే చక్రం కూర్చునే ఇరుసు భాగంలోకే వెళ్తాయి. అలాయ్ రిమ్ము ఇనుప దానికంటే మందం. పాత బోల్టులే వాడి ఉంటే లోపల పట్టిన మరలు కూడా తక్కువే. బోల్టులు మార్చారో లేదో మీ ఉత్తరంలో లేదు, నాకు రాయండి.

అంటే మీ చేతికి వచ్చింది మంచి సరుకే, కానీ మీ కారుకు పనికిరాని సరుకు. దీనికి 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 16వ సెక్షన్ ఉంది. కొనేవాడు ఏ అవసరానికి కొంటున్నాడో అమ్మేవాడికి చెప్పి, అతని అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ సరుకు ఆ అవసరానికి పనికొస్తుందన్న షరతు ఆ అమ్మకంలోనే ఉన్నట్టు లెక్క. కాగితం మీద రాసుకోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్ ప్రకారం, తయారీదారుతో సంబంధం లేకుండా అమ్మినవాడు సొంతంగా హామీ ఇచ్చినా, బిగించడంలో శ్రద్ధ చూపకపోయినా బాధ్యత అతనిదే. కాబట్టి కమిషన్ తేల్చేది ఒక్కటే: రిమ్మును ఎంచింది ఎవరు? మీరే కొలతలు చూసుకుని ‘ఆ 4x100 సెట్ ఇవ్వండి’ అని ఉంటే, ఈ జవాబు ఇక్కడితో ఆపేసి రూ.15,000 తీసుకోమనేవాడిని. మీరు పాలియో ఫొటో పెట్టారు. అతను పడతాయన్నాడు. అతనే బిగించాడు.

ఇప్పుడు సాక్ష్యం. ఇక్కడ మీకు చీవాట్లు తప్పవు. నాలుగు రిమ్ముల్లో రెండింటిని పాత సామాన్లవాడికి కిలోల లెక్కన అమ్మేశానని ఎంత తేలిగ్గా రాశారండీ! చెయ్యి విరిగిన కేసులో సాక్ష్యాన్ని తూకానికి వేశారు. ఊడిన చక్రం రిమ్ము, ఇంకొకటి మీ షెడ్డులో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. వాటిని కడగొద్దు, రంగు వేయొద్దు, షాపుకు అసలు తీసుకెళ్లొద్దు. రూ.15,000 ఇస్తానంటున్నది మీ మీద జాలితో కాదు, ఆ రెండు రిమ్ముల కోసం. ఊడిన రిమ్ములో బోల్టు కన్నాలు కోడిగుడ్డులా సాగి ఉన్నాయి చూశారా, మీ తరఫున మాట్లాడేవి అవే.

తెగిన బోల్టులు ఫిరంగిపురం మెకానిక్ దగ్గర డబ్బాలో ఉన్నాయన్నారు. ముందు వాటిని తెచ్చుకోండి. తర్వాత లైసెన్సు ఉన్న సర్వేయర్‌నో, చార్టర్డ్ ఇంజినీర్‌నో పిలిచి, హబ్బు మీద, రిమ్ము మీద ఎదురెదురు కన్నాల మధ్య దూరం సన్నని కొలతలు తీసే వెర్నియర్‌తో కొలిపించి, ఫొటోలతో సహా రిపోర్టు రాయించండి. ఎదుటి పక్షం ఆ కొలత ఒప్పుకోకపోతే రిమ్మును తగిన ల్యాబుకు పంపే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది, ఆ మేరకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

వాట్సాప్ సంగతి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను కదా అనుకోకండి. షాపు నంబరు, తేదీ, మీరు పెట్టిన ఫొటో, అతని జవాబు ఒకే వరుసలో కనిపించేలా మొత్తం చాట్ ప్రింటు తీయించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి వర్తించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం కంప్యూటర్ నిపుణుడు సంతకం పెట్టాలి. కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టులంత పట్టుగా ఉండవు. అయినా కేసంతా ఒక్క మెసేజ్ మీద ఉన్నప్పుడు ఆ సందు ఎందుకు వదలాలి?

బిల్లు లేకపోతే కేసు లేదని మీకెవరు చెప్పారు? రూ.31,000 మీరు యూపీఐలో పంపారు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ తేదీ, ఆ మొత్తం, డబ్బు అందుకున్న పేరు ఉంటాయి. మెసేజ్, చెల్లింపు, రిమ్ము, మూడూ కలిస్తే అమ్మకం రుజువైనట్టే. బిల్లు ఇవ్వకపోవడం అతని తప్పు, దాన్నీ ఫిర్యాదులో రాయండి.

అందుకే మీ బావమరిదికి ఒక నమస్కారం పెట్టి ఇంటికి పంపండి. పాత తేదీ వేసిన బిల్లు దొంగ పత్రం. దాన్ని అసలుదని కమిషన్ ముందు పెడితే భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద ఇరుక్కునేది మీరు, మీతో పాటు ఆ బిల్లు రాసిన పెద్దమనిషి. దొరకదులే అనుకుంటున్నారేమో. బిల్లు నంబర్ల వరుస, ఆ నెల జీఎస్టీ రిటర్ను అడిగితే అరగంటలో బయటపడుతుంది. పైగా డబ్బు ఒక షాపుకు, బిల్లు ఇంకో షాపుది అయితే మీ అసలు సాక్ష్యాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఇలాంటి తెలివితేటలతో గెలిచే కేసులు పోగొట్టుకున్నవాళ్లను నా వకాల్తాల్లోనే చూశాను.

అన్నిటికంటే నన్ను కంగారు పెట్టింది తేదీలు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు దాఖలు చేయాలి. చక్రం ఊడింది 2024 నవంబర్ 4న కాబట్టి ఇంకా ఆరు నెలలుందని మీరు లెక్కేసుకున్నారు. గాయం వరకు ఆ వాదన నిలబడొచ్చు. కానీ పనికిరాని సరుకు అమ్మింది జూన్ 12న, కారణం ఆ రోజే పుట్టిందని ఎదుటి వకీలు మొదటి వాయిదాలోనే అంటాడు. ఆ వాదనకు చోటివ్వకండి. 2026 జూన్ 11 ఆఖరి రోజు అనుకోండి. నేను ఈ జవాబు రాస్తున్నది ఏప్రిల్ చివరి వారంలో. షాపాయన ‘సంక్రాంతి పోనివ్వండి’, ‘ఉగాది పోనివ్వండి’ అంటూ ఇన్నాళ్లు ఊరికే తిప్పాడనుకున్నారా? ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నా గడువు ఆగదు. లాయర్ నోటీసు ఇచ్చినా ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు చట్టంలో ఉంది, కానీ ‘చూద్దాం అన్నాడు, చూశాను’ అన్నది దానికి సరిపోయే కారణం కాదు.

చీటింగ్ కేసు సంగతి. మోసం అనాలంటే అమ్మేటప్పుడే ముంచాలన్న ఉద్దేశం ఉండాలి. ఇతనిది తెలియనితనం, నిర్లక్ష్యం. పోలీసులు సివిల్ వ్యవహారమని పంపేస్తారు. ఇంకో మాట, ఆ రోజు బండి నడిపింది మీరు. గాయపడింది మీ భార్య. వణుకుతోందని తెలిసీ అయిదు నెలలు నడిపానని మీరే స్టేషన్లో రాసిస్తే, నిర్లక్ష్యంగా నడిపినందుకు ముద్దాయి మీరే కావచ్చు.

ఆ అయిదు నెలల మాట కమిషన్‌లోనూ వస్తుంది. వణుకు మొదలైన వారమే అతనికి మెసేజ్ పెట్టి ఉంటే ఎంత బాగుండేది! రెండుసార్లు షాపుకు వెళ్తే బోల్టులు బిగించి పంపారన్నారు. ఆ తేదీలు, వెంట వచ్చినవాళ్ల పేర్లు గుర్తుచేసుకోండి. ఫిర్యాదు చేసినా మళ్లీ పడతాయనే పంపాడంటే తప్పు అతని వైపు ఇంకాస్త జరుగుతుంది. మధ్యలో ఎక్కడైనా పంక్చర్ వేయించి ఉంటే అది దాచకండి, ‘బోల్టులు పంక్చర్ షాపువాడు సరిగా బిగించలేదు’ అన్నదే అతని మొదటి సాకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా తీస్తారు, కంపెనీ ఇచ్చిన బండిని మార్చకూడదని, 2019లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిందని. మార్చిన చేతులు అతనివే కాబట్టి దాంతో పూర్తిగా తప్పించుకోలేడని నా అభిప్రాయం. పరిహారం మాత్రం కొంత తగ్గవచ్చు.

అందుకే పాతిక లక్షలు మరిచిపోండి. రిమ్ముల ధర, బిగింపు కూలి, కారు ఎత్తుకొచ్చిన ఖర్చు, రిపేరు, ఆస్పత్రి బిల్లులు, ఆమె పోగొట్టుకున్న జీతం, మనోవేదనకు ఒక న్యాయమైన మొత్తం, ఖర్చులు. ప్రతి దానికీ కాగితం ఉండాలి. మీ శ్రీమతిని రెండో ఫిర్యాదుదారుగా చేర్చండి, గాయం ఆమెది. షాపు విజయవాడలో ఉన్నా, మీరు ఉండేది గుంటూరు కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కొన్న ధర అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు.

ఆర్‌సీ ఇప్పటికీ మీ నాన్నగారి పేరునే ఉందని చివర్లో ఇరికించారు. డబ్బు కట్టింది మీరు కాబట్టి ఈ కేసుకు అది అడ్డం కాదు. కానీ యజమాని పోయిన 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేసి, మూడు నెలల్లోపు ఫారం 31తో పేరు మార్చుకోవాలి. మీరు మూడేళ్లు ఊరుకున్నారు. రిజిస్ట్రేషన్‌కు మొదట పదిహేనేళ్లకు, తర్వాత అయిదేళ్లకు ఒకసారి రెన్యూవల్ అంటే 2025లో ఆ గడువూ తీరిపోయి ఉంటుంది. ఆ కారుతో ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్సు కంపెనీ మీతో ఎలా మాట్లాడుతుందో ఊహించుకోండి. రెండూ సరిచేసుకునేదాకా కారు షెడ్డు దాటకూడదు. తర్వాత కూడా 98 కొలత ఉన్న రిమ్ములు దొరికితేనే. ఈసారి కారు పేరు, సంవత్సరం, బోల్టుల వలయం, హబ్బు కన్నం కొలత, ‘ఈ కారుకు సరిపోతుంది’ అన్న మాట, అన్నీ బిల్లు మీద రాయించుకోండి. రాయనన్న షాపులో కొనకండి.

ఈ వారంలోనే షాపుకు పదిహేను రోజుల గడువుతో నోటీసు స్పీడ్‌పోస్టులో, అందినట్టు రుజువు ఉండేలా పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా మే నెలాఖరులోగా ఫిర్యాదు దాఖలు కావాలి. అంతకంటే ముందు, రేపు పొద్దున్నే ఫిరంగిపురం వెళ్లి ఆ బోల్టుల డబ్బా తెచ్చుకోండి. మెకానిక్ దాన్ని ఎవరికైనా ఇచ్చేసి ఉంటే వెంటనే నాకు రాయండి.