కథలో లేని పాస్‌బుక్

తమ్మీ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఎనుమాముల మార్కెట్లో పత్తి బస్తాల నడుమ కత్తిపోటు, నెత్తురు, పోలీసు జీపు. చదివించే చెయ్యి నీది. కానీ వాడు కత్తి ఎందుకు తీశాడంటే, కోపిష్టి అని చెప్పి ఊరుకున్నావు. కోపిష్టులు హన్మకొండలో గల్లీకి పదిమంది ఉంటారు, నాతో సహా.

వాడు కౌలు రైతని ఒకచోట రాశావు చూడు, ఆ మాట పట్టుకుని లాగు. పట్టా ఇంకొకరి పేరు మీద ఉంటుంది. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు కూడా డబ్బు పట్టాదారుకే పోయింది. పట్టాదారు పాస్‌బుక్ లేనివాడికి బ్యాంకులో అప్పు పుట్టదు. విత్తనాలు, మందుకట్టలు ఉద్దెర ఇచ్చిన షావుకారే మిత్తి లెక్క రాసుకుంటాడు, పంటా ఆయనకే తూచాలి. మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు తేమ 12 శాతం దాటితే పత్తి కొనరు. వాన తడిపిన ఏడు, తేమ మిషన్ మీది అంకె కోసం చూస్తున్న మనిషి మొహం రాయి. కత్తి సంగతి తర్వాత.

నీ కథ అరెస్టుతో అయిపోయింది. పక్కన నిలబడ్డందుకు ఏ2, అంటే రెండో ముద్దాయి అయిన వాడి తమ్ముడేమయ్యాడు? బెయిల్ వచ్చినా జమానతుదారు, అంటే పూచీ ఉండే మనిషి కావాలి, ఆయన ఆస్తి కాగితం చూపాలి. మళ్లీ అదే పాస్‌బుక్. మోతీరాం అనే మేస్త్రీని మేజిస్ట్రేటు పదివేల పూచీ అడిగి, పూచీ ఉంటానన్న సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చాడు. 1978లో సుప్రీంకోర్టు అది తప్పని, వెయ్యి రూపాయల బాండు మీద వదలమంది. అయినా 2022 లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా ఇంకా శిక్ష పడనివాళ్లే.

నేనూ ఇలాంటి కథే రాశాను మొదట్లో. ఒక వకీలు గుమస్తా చదివి, "సార్, ఫీజు ఎవరిచ్చిండ్రు?" అన్నాడు. సిగ్గుపడ్డాను. ఖైదులో ఉన్నవాళ్లకు ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టంలో ఉందని కూడా అప్పటికి నాకు తెలియదు.

అట్లాగని హంతకుణ్ని దేవుణ్ని చెయ్యకు. చచ్చినవాడి భార్య కూడా వాయిదా వాయిదాకు బస్సెక్కి వస్తుంది. ఆమెకు నీ కథలో ఒక్క మాటా లేదు.

సోమవారం రా, కోర్టుకు పోదాం. టిఫిన్ చేసి రా, పిలుపు ఎప్పుడొస్తుందో అక్కడ ఎవరికీ తెలియదు.