విక్రాంత్ మీదికి ఎక్కని నాట్: ఊహా విమానానికి మోడల్ కట్టేటప్పుడు ఏం మార్చాలి, ఏం మార్చకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 1971 యుద్ధంలో మన విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ మీద నుంచి, నేల మీది స్థావరాల నుంచే ఎగిరిన వాయుసేన చిన్న జెట్ యుద్ధ విమానం నాట్ ఎగిరి ఉంటే ఎలా ఉండేదో 1/72 స్కేలులో (అసలులో 72వ వంతు సైజులో) మోడల్ చేయాలి, రెక్కలు మడిచి, డెక్ మీద దిగేటప్పుడు అడ్డంగా కట్టిన తీగను పట్టుకుని విమానాన్ని ఆపే కొక్కెం తోక కింద తగిలించి, నౌకాదళపు రంగులు వేస్తే సరిపోతుందా? హన్మకొండలో మా ఇంటి మేడగదిలో నేను ఇదే ఊహను రెండుసార్లు కట్టాను. మొదటిది చెడింది. అది ఎందుకు చెడిందో చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

మొదటి మోడల్‌కు నేను, ఓడలో చోటు కలిసిరావడానికి నౌకాదళ విమానాలకు చేసినట్టు, రెక్కలు మడిచాను. పానెల్ గీత వెంట రంపంతో కోసి, లోపలి పక్కటెముకలను ప్లాస్టిక్ ముక్కలతో పేర్చి, సన్నని తీగతో కీళ్లు పెట్టడానికి రెండు నెలలు పట్టింది. నౌకాదళంలో మెకానిక్‌గా చేసి రిటైరైన మా వీధి పెద్దాయన ఒకరోజు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "గింత సిన్న ఇమానానికి రెక్కలెందుకు మడిసినవ్ బిడ్డా? మడవకున్నా లిఫ్టుల పడుతది గద!" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. విమానాలను డెక్ మీదికి, కిందికి చేర్చే ఓడ లిఫ్టు గురించి ఆయన అన్న మాట నిజం. విక్రాంత్ మీద పనిచేసిన సీహాక్ జెట్ యుద్ధ విమానం రెక్కల వెడల్పు 11.89 మీటర్లు కాబట్టి దానికి మడత తప్పలేదు; నాట్ వెడల్పు 6.73 మీటర్లే. 8.38 మీటర్ల వెడల్పున్న అమెరికా నౌకాదళపు స్కైహాక్ జెట్‌కే రెక్కల మడత లేకుండా విమాన వాహక నౌకల మీద ఏళ్ల తరబడి జరిగిపోయింది. మడత పెడితే బరువు పెరుగుతుంది, రెక్క బలం తగ్గుతుంది. అవసరం లేని చోట ఏ ఇంజనీరూ ఆ పని చేయడు.

అందుకే రెండోసారి బ్లేడు పట్టక ముందే కాగితం మీద ఒక కథ రాసుకున్నాను. ఆ యుద్ధంలో విక్రాంత్ బాయిలర్‌లో పగుళ్ల వల్ల ఓడ పూర్తి వేగం అందుకోలేని స్థితిలో ఉంది. ఓడ వేగం తగ్గితే డెక్ మీద ఎదురుగాలి తగ్గుతుంది, ఎదురుగాలి తగ్గితే బరువైన విమానాన్ని లేపడం కష్టమవుతుంది. అలాంటప్పుడు తేలికపాటి నాట్ పనికొచ్చేదన్న ఆలోచనకు ఒక ఆధారం ఉంది. అయితే నౌక కోసం విమానాన్ని మార్చడం కొద్ది నెలల్లో తెమిలే పని కాదు కాబట్టి, నా కథలో ఆ మార్పులు విక్రాంత్ 1961లో మన నౌకాదళంలో చేరిన కొన్నేళ్లకే మొదలయ్యాయి, బాయిలర్ సంగతి తర్వాత కలిసివచ్చింది.

అసలు చిక్కు చక్రాల దగ్గర ఉంది. నాట్ చక్రాలు రెక్కల్లోకి కాకుండా విమానం పొట్టలోకి ముడుచుకుంటాయి, వాటి తలుపులే గాలిలో బ్రేకులుగా కూడా పనిచేస్తాయి. కాబట్టి రెండు చక్రాల మధ్య దూరం చాలా తక్కువ. ఇరుకు కాళ్లతో డెక్ మీద దిగడం ఎంత ప్రమాదమో బ్రిటిష్ నౌకాదళపు యుద్ధ విమానం సీఫైర్ చరిత్ర చెబుతుంది: 1943 సెప్టెంబరులో ఇటలీలోని సలెర్నో దగ్గర శత్రువు కూల్చిన వాటికంటే డెక్ మీద దిగుతూ పాడైనవే ఎక్కువ. నాట్ పలుచని రెక్కలో చక్రం పట్టదు గనుక నేను కాళ్ల స్థానం కదిలించలేదు. వాటిని లావు చేసి, ఒకటిన్నర మిల్లీమీటర్లు పొడిగించాను. నిజ విమానంలో అది దాదాపు 11 సెంటీమీటర్లు. దిగేటప్పటి దెబ్బ తట్టుకోవడానికీ, కొక్కేనికి నేల నుంచి ఎడం ఇవ్వడానికీ ఆ మాత్రం చాలు.

కొక్కేనికి ప్లాస్టిక్ వాడకండి, విరుగుతుంది. పెంబర్తిలో ఇత్తడి పని చేసే ఒకాయన దగ్గర మిగిలిన సన్నని రేకు ముక్క అడిగి తెచ్చుకుని, 22 మిల్లీమీటర్ల పట్టీ కత్తిరించి, కొసను సూది ముక్కు పట్టకారుతో వంచి, నలుపు తెలుపు చారలు వేశాను. విమానాన్ని డెక్ మీద నుంచి విసిరి ఎగరేసే యంత్రం, కేటపుల్ట్, తీగతాడు తగిలించడానికి పొట్ట కింద రెండు చిన్న కొక్కేలు కూడా కావాలి. చాలామంది వీటిని మరచిపోతారు, నౌక సంగతి తెలిసినవారు మొట్టమొదట వెతికేది వాటినే.

ఇత్తడి బరువు తోకలోకి చేరడంతో మోడల్ తోక మీద కూలబడింది. చెరువులో వేసే వలలకు కట్టే సీసపు గుండ్లు కొన్ని కొని, సుత్తితో నలగ్గొట్టి, ముక్కులోనూ పైలట్ సీటు వెనుకా సూపర్ గ్లూతో అతికించాక ముందు చక్రం నేలకు ఆనింది. విమానం ఒంటి రెండు సగాలనూ మూసేముందే టేపు చుట్టి నిలబెట్టి చూసుకోండి. నేను మూశాక చూసి మళ్లీ కోయాల్సి వచ్చింది.

కిట్ విషయంలో ఒక్క హెచ్చరిక. బ్రిటిష్ విన్యాసాల జట్టు రెడ్ ఆరోస్ రంగుల్లో వచ్చే ఎయిర్‌ఫిక్స్ కంపెనీ నాట్ ఇద్దరు కూర్చునే శిక్షణ విమానం. దాని రెక్కే వేరు, వెడల్పు 7.32 మీటర్లు. వెనుక సీటు పూడిస్తే ఒంటి సీటు నాట్ అయిపోదు. ఒంటి సీటు కిట్ దొరికేదాకా ఆగండి. సరైనదైతే రెక్కల కొస నుంచి కొసకు 93 మిల్లీమీటర్లు, పొడవు 121 మిల్లీమీటర్లు రావాలి. స్కేలు పెట్టి కొలవండి.

రంగులకు సీహాక్‌లనే అనుసరించాను: పైన ముదురు సముద్రపు బూడిద, కింద స్కై అనే, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న రంగు. మన దగ్గర మే నెలలో మధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు గాలిలోనే ఆరిపోయి పొడిగా పడుతుంది, ముసురు రోజుల్లో లాకర్ (త్వరగా ఆరే రంగు) మీద తెల్లని పొర కమ్ముతుంది; తెల్లవారుజామే మంచిది. విమానం మీద వేసే మన దేశపు గుండ్రటి గుర్తులో ఆకుపచ్చ వెలుపల, కాషాయం మధ్యలో ఉండాలి.

తెల్ల పులి బొమ్మ మాత్రం పెట్టకండి. అది సీహాక్‌లు నడిపిన 300వ స్క్వాడ్రన్‌ది, వాళ్లు నిజంగా యుద్ధం చేశారు. నా నాట్ తోక మీద పాలపిట్ట ఉంది. అంకెల ముందు నౌకాదళపు ఐఎన్ అక్షరాలు ఉంచి, ఏ సీహాక్‌కూ లేని సంఖ్య వెతికి పెట్టాను.