సంక్రాంతి సందడిలో కుక్క బెదరకుండా ఉండాలంటే

ప్రశ్న: చెన్నై శివారు రెడ్‌హిల్స్‌లో నాలుగు గేదెలతో పాడి నడుపుతున్నాం. కొట్టం కాపలాకు అయిదేళ్ల నాటు కుక్క ఉంది. సంక్రాంతికి నెల్లూరు నుంచి పాతిక మంది చుట్టాలు వస్తారు. పోయిన ఏడాది భోగి మేళాల మోతకు కుక్క మంచం కింద దూరింది. నిమరబోయిన మా మేనల్లుడి చేతిని కరిచింది. ఈసారి మూడు రోజులూ గొలుసుతో కట్టేయమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నిద్రమాత్ర ఇవ్వవచ్చా?
– ఒక పాడి రైతు, రెడ్‌హిల్స్

జవాబు: దయచేసి గొలుసుతో కట్టేయకండి. భయపడిన కుక్క తప్పుకునే దారి ఉన్నంతవరకు తప్పుకోవడానికే చూస్తుంది. ఆ దారి మూసుకుపోయినప్పుడు కరుస్తుంది. మంచం కింద జరిగింది అదే, గొలుసు దగ్గర జరగబోయేదీ అదే. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ వరకు వింటే కుక్క చెవి సుమారు 45,000 హెర్ట్జ్ దాకా వింటుంది కనుక, మనకు పండుగ సందడిగా తోచే మేళం దానికి భరించరాని మోత కావచ్చు.

పండుగకు కనీసం పది రోజుల ముందే వీధికి దూరంగా ఉన్న ఒక గదిని కేటాయించి, అది రోజూ పడుకునే గోనెపట్టానే అక్కడ పరిచి, ఒక పూట తిండి అక్కడే పెట్టండి. అలవాటు చేయకుండా పండుగనాడే లోపల పెట్టి తలుపు వేస్తే ఆ గదే దానికి మరో భయమవుతుంది. భోగినాడు మేళాలు మొదలుకాక ముందే బయట తిప్పి తెచ్చి, కిటికీలు మూసి, ఫ్యాను, రేడియో వేసి ఉంచండి. నిమిరితే భయం ముదురుతుందని చాలామంది అంటారు, అది నిజం కాదు; దానంతట అది మీ దగ్గరికి వస్తే నిస్సంకోచంగా నిమరండి. చుట్టాలు వస్తూ పోతూ గేటు తెరిచి వదిలేస్తారు కాబట్టి మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు రాయించడం మంచిది.

పిల్లలు ఆ గది గడప దాటకుండా ఒక పెద్దమనిషి బాధ్యత తీసుకోవాలి. ముఖం తిప్పుకోవడం, నిద్ర రాకున్నా ఆవలించడం, పెదవులు నాకుకోవడం, కంటి తెలుపు కనిపించేలా ఓరగా చూడడం, తోక ముడవడం, ఇవన్నీ అది ‘నన్ను వదిలేయండి’ అని చెప్పే తీరు. గుర్రుమంటే కొట్టకండి, దెబ్బలకు గుర్రుమనడం మానేసిన కుక్క హెచ్చరించకుండానే కరుస్తుంది. అది ఏడాదిగా ఆరోగ్యంగా ఉంది కనుక నాటి కాటు వల్ల రేబిస్ వస్తుందన్న భయం అక్కర్లేదు. అయినా ఏటా టీకా వేయించండి. ఎవరికైనా పన్ను దిగితే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రేమతో విస్తరిలో మిగిలింది పెట్టే పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. చక్కెర పొంగలిలోని ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దానికి కారణమని భావిస్తున్న టార్టారిక్ ఆమ్లం చింతపండులోనూ ఎక్కువే, కనుక పులిహోర కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. కనుమనాటి కోడికూరలోని ఉడికిన ఎముకలు చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. ఎండుద్రాక్ష తిన్నదని తెలిస్తే వాంతుల కోసం ఎదురుచూడకుండా, ఉప్పునీళ్లు తాగించకుండా, వేపేరీలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రికో దగ్గరలోని పశువైద్యుడి దగ్గరికో వెంటనే తీసుకెళ్లండి.

మనుషుల నిద్రమాత్రలు మీ అంతట మీరు ఇవ్వవద్దు. కొన్ని మత్తుమందులు శరీరాన్ని కదలనీయవు గానీ భయాన్ని తగ్గించవు. వారం ముందే కుక్కను పశువైద్యుడికి చూపించి, బరువు తూయించి, ఆయన మందు రాస్తే ఒక మామూలు రోజున ఆయన చెప్పిన మోతాదులో వేసి అది ఎలా ఉందో గమనించాకే భోగినాడు వాడండి.